డ్యాష్‌బోర్డు విప్పే ముందు: కారు హీటర్ కాయిల్ లీకు

మాస్టారూ, మీరు రాసింది చదివాను. ఉండేది ఒడిశా కోరాపుట్ జిల్లా సిమిలిగుడలో, తరచుగా పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగుతారు, కారు పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పొద్దున్నే ముందు అద్దానికి లోపలి వైపు ఆవిరి పడుతోంది, తుడిస్తే జిడ్డుగా పులుముకుంటోంది. ఎడమ సీటు కాళ్ల దగ్గర మ్యాటు తడి. బ్లోవర్ వేస్తే తియ్యటి వాసన. జయపురంలో ఒక మెకానిక్ హీటర్ కాయిల్ పోయింది, డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి అన్నాడు. ఇంకొకాయన ఆ రెండు పైపులూ మూసేద్దాం, మనకి హీటరెందుకండీ అన్నాడు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఇవాళ్టికి ఇద్దరి మాటా వినొద్దు. మీరు చెప్పిన లక్షణాలన్నీ హీటర్ కాయిల్ వైపే చూపిస్తున్న మాట నిజమే. కానీ ఈ పనిలో కాయిల్ ధర చిన్నది, దాని దాకా చేరే కూలీ పెద్దది. కాబట్టి డ్యాష్‌బోర్డు ఒకే ఒక్కసారి విప్పాలి. అది కూడా లీకు అక్కడే ఉందని తేలాక. విప్పినప్పుడు దాని వెనక ఉన్న పనులన్నీ ఒకేసారి అయిపోవాలి. నేను రాసేదంతా ఈ లెక్క మీదే.

హీటర్ కాయిల్ అంటే డ్యాష్‌బోర్డు వెనక ప్లాస్టిక్ పెట్టెలో కూర్చునే చిన్న రేడియేటర్. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఒక పైపులో దానిలోకి వచ్చి ఇంకో పైపులో తిరిగి వెళ్తుంది. బ్లోవర్ గాలి దాని మీదుగా వీస్తే వేడి గాలి. అదే పెట్టెలో పక్కనే ఏసీ కూలింగ్ కాయిల్ కూడా ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఖర్చు సగం పెరిగేది దానివల్లే. కాయిల్‌కి సన్న రంధ్రం పడితే కూలెంట్ చుక్కలుగా మ్యాటు మీదికి, ఆవిరిగా అద్దం మీదికి పోతుంది. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అద్దానికి పొరలా పట్టుకుంటుంది. అందుకే మీరు ఎంత తుడిచినా ఆ జిడ్డు పోవడం లేదు. తియ్యటి వాసన కూడా దానిదే. అది విషం. మ్యాటు పిండిన నీళ్లు పెరట్లో పారబోయకండి, కుక్కలు ఆ తీపికి నాకుతాయి.

ఇప్పుడు నిర్ధారణ. మ్యాటు కింద తడిని తెల్ల గుడ్డతో అద్దండి. గుడ్డకి పచ్చ, గులాబీ, నీలం లాంటి రంగు అంటి, వేళ్ల మధ్య రాస్తే జారుడుగా ఉంటే అది కూలెంట్. రంగూ వాసనా లేని మామూలు నీరైతే కాయిల్‌కి సంబంధం లేదు. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోతే ఆ నీరు కూడా సరిగ్గా ఎడమ కాళ్ల దగ్గరికే వస్తుంది. మీ వైపు డిసెంబరు, జనవరిలో ఏసీ ఎవరూ వేయరు కనుక ఆ అనుమానం తక్కువ. వానాకాలంలో అయితే ముందు చూడాల్సింది వైపర్ల కింద జల్లెడ. చెట్టు కింద పెట్టే కారు అయితే ఆకులు అక్కడ కుళ్లి, వాన నీరు లోపలికి తిరుగుతుంది. ఇంత చిన్న సంగతికి డ్యాష్‌బోర్డు దించిన బళ్లు కూడా ఉన్నాయి.

తర్వాత రిజర్వ్ ట్యాంకు మీద ఇప్పుడున్న మట్టం దగ్గర టేపు ముక్క అంటించండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అంటే పొద్దున్నే, రోజూ చూడండి. వేడి మీద మూత తిప్పకండి. లోపల ఒత్తిడి ఉంటుంది, మూత వదలగానే మరిగే నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మట్టం తగ్గుతూ ఉంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, అప్పుడు రెండే దారులు: క్యాబిన్ లోపలికి పోతోంది, లేదా ఇంజిన్‌లో కాలిపోతోంది. రెండోది హెడ్ గ్యాస్కెట్ వ్యవహారం, అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు పోవడం. ఇంజిన్ నడుస్తుంటే ట్యాంకులో బుడగలు తెగకుండా రావడం, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకి తిరగడం, బండి బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగకపోవడం దాని గుర్తులు. పొద్దున్న స్టార్ట్ చేయగానే వచ్చే తెల్ల పొగ చూసి టెన్షన్ పడొద్దు. కొండ మీది చలిలో ప్రతి బండీ అలాగే పొగ వదులుతుంది.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ప్రెజర్ టెస్టర్. రేడియేటర్ మూత స్థానంలో బిగించి చేత్తో పంపు కొడతారు. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది బార్‌లలో ఒత్తిడి. చల్లటి ఇంజిన్ మీద అంత దాకా కొట్టి 15, 20 నిమిషాలు వదిలేస్తే ముల్లు పడిపోకూడదు. పడిపోతుంటే, ఇంజిన్ గదిలో తడి లేకపోతే, లీకు లోపలే. జయపురంలో కాస్త పెద్ద గ్యారేజీ ఏదైనా ఈ టెస్టర్ పెట్టుకుంటుంది. లేకపోతే సునాబెడ, దమన్‌జోడి వైపు అడగండి. టెస్టర్ లేకుండానే 'నాకు వాసన చూస్తే తెలుస్తుంది' అనే మెకానిక్‌కి డ్యాష్‌బోర్డు అప్పగించకండి, ఎంత మంచివాడైనా సరే.

లీకు లోపల అని తేలినా కాయిలే పోయిందని ఇంకా ఖాయం కాదు. చాలా కార్లలో ఇంజిన్ వైపు నుంచి వచ్చే పైపులు కాయిల్‌తో కలిసే చోట చిన్న రబ్బరు ఓ-రింగులు, క్లాంపులు ఉంటాయి. ఆ రింగు గట్టిపడి బీటలిచ్చినా ఇవే లక్షణాలు. మధ్య కన్సోల్ పక్కన ఉండే ప్లాస్టిక్ తీసి, ఫోనుకి తగిలించే చిన్న కెమెరా తీగ లోపలికి దూర్చి, ప్రెజర్ మీద ఉండగా చూస్తే చుక్క ఎక్కడ పుడుతోందో కనిపిస్తుంది. రింగు దగ్గర పుడుతుంటే మీ అదృష్టం, పూట పనితో పోతుంది. కాయిల్ పెట్టె అడుగు నుంచి కారుతుంటే కాయిలే. అదే కెమెరాతో ఇంకో సంగతి చూడమనండి: కొన్ని కార్లలో పక్క ప్లాస్టిక్‌లు, యాక్సిలరేటర్ పెడల్ తీస్తే కాయిల్ సొరుగులా పక్కకి జారి వచ్చేస్తుంది, డ్యాష్‌బోర్డు ముట్టుకోనక్కర్లేదు. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. 'మొత్తం దించాలి' అన్న మెకానిక్‌ని మాన్యువల్ చూశావా అని ఒకసారి అడగండి.

ఇక ఆ రెండో మెకానిక్ సలహా. పైపులు మూసెయ్యడం అంటే బోల్టు దూర్చి క్లాంపు బిగించడం. అది మాత్రం చేయించకండి. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకోకముందు కూలెంట్ తిరిగే దారుల్లో హీటర్ సర్క్యూట్ ఒకటి. దాన్ని మూసేస్తే ఇంజిన్‌లో ఒక మూల వేడెక్కుతున్నా థర్మోస్టాట్‌కి తెలియడం ఆలస్యమవుతుంది. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు అది మంచిది కాదు. బదులుగా ఫైర్‌వాల్ (ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఇనుప గోడ) దగ్గర రెండు పైపులనీ కాయిల్ నుంచి విడదీసి, ఒకదానికొకటి కలిపెయ్యాలి. చాలా కార్లకి ఈ పైపు లోపలి వ్యాసం 16 నుంచి 19 మి.మీ. మధ్య ఉంటుంది. సరైన కొలత మెటల్ జాయినర్, రెండు మంచి క్లాంపులు చాలు. ప్లాస్టిక్ జాయినర్ వద్దు, వేడికి పగులుతుంది. కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది, కాయిల్‌లోకి మాత్రం వెళ్లదు.

ఇలా కలిపి వారం తిప్పారనుకోండి, ట్యాంకు మట్టం ఆ టేపు దగ్గరే నిలిచిపోయిందనుకోండి, టెస్టర్ అక్కర్లేకుండానే లీకు కాయిల్‌లో గానీ దాని రింగుల దగ్గర గానీ ఉందని రుజువైనట్టు. అందుకే ఈ పనిని తాత్కాలిక రిపేరుగా కంటే పరీక్షగానే ఎక్కువ ఇష్టపడతాను.

శాశ్వతంగా ఇలాగే ఉంచేయొచ్చా? మీరు పాలకొండలోనో పార్వతీపురంలోనో ఉంటే ఉంచుకోండి అనేవాణ్ని. అక్కడ హీటర్ ఏడాదిలో నాలుగు రోజులు వాడితే ఎక్కువ. మీరుండేది వేరు. కోరాపుట్ సముద్ర మట్టానికి 870 మీటర్ల పైన, పక్కనే దేవమాలి కొండ 1672 మీటర్లు. పుష్యమాసంలో పొట్టంగి దగ్గర తెల్లవారుజామున పొగమంచు ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. నలుగురు కూర్చున్న కారులో ఊపిరి తేమ చల్లటి అద్దానికి పడుతుంది. దాన్ని తీసేది అద్దం మీదికి వచ్చే వేడి పొడి గాలి. ఏసీ ఒక్కటీ వేసినా తేమ తీస్తుంది కానీ అద్దం చల్లగానే ఉండిపోతుంది, ఏసీ ఆపిన మరుక్షణం మళ్లీ పడుతుంది. హీటరూ ఏసీ కలిపి, బయటి గాలి మోడ్‌లో పెడితే ఒకటి రెండు నిమిషాల్లో అద్దం తేరుకుంటుంది. సుంకి ఘాటులో ఎదురుగా లారీ లైట్లు వచ్చే మలుపులో కర్చీఫ్‌తో అద్దం తుడుచుకుంటూ నడపడం ప్రాణం మీది వ్యవహారం. కాబట్టి మీకు హీటర్ కావాలి. ఫిబ్రవరి నుంచి దసరా దాకా కలిపేసిన పైపులతో గడిపి, ఆలోగా డబ్బు, పార్టు సమకూర్చుకుంటే తప్పులేదు.

లీకు ఆపే పొడి, సీసా మందు రేడియేటర్‌లో పోద్దామని ఎవరైనా అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. అది రంధ్రాన్ని మాత్రమే వెతుక్కుంటూ పోదు. కాయిల్ గొట్టాలు చాలా సన్నం, ముందు మూసుకుపోయేవి అవే, ఆ తర్వాత రేడియేటర్.

మీ పోస్టు కింద ఇంకొకరు 'నాకు లీకు లేదు, హీటరే వేడి రావడం లేదు, నేనూ కాయిల్ మార్చాలా' అని అడిగారు. ఆయనకి ఇక్కడే చెప్పేస్తాను. బండి వేడెక్కాక ఫైర్‌వాల్ దగ్గర రెండు హీటర్ పైపులనీ జాగ్రత్తగా తాకి చూడండి. రెండూ వేడిగా ఉంటే కాయిల్ బాగానే ఉంది, లోపల గాలి మళ్లించే రెక్క గానీ దాని మోటారు గానీ ఇరుక్కుంది. ఒకటి వేడి, ఒకటి చల్లనైతే కాయిల్ మూసుకుపోయింది లేదా గాలి పట్టింది. కొన్ని బళ్లలో పైపు మీదే వాల్వు ఉంటుంది, అదీ చూడండి. రెండూ గోరువెచ్చగానే ఉంటే, ఉష్ణోగ్రత ముల్లు కూడా పైకి లేవకపోతే, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. మూసుకుపోయిన కాయిల్‌ని మార్చే ముందు, నీళ్ల పైపుతో తక్కువ ఒత్తిడి మీద, తిరిగి వెళ్లే వైపు నుంచి వెనక్కి కడిగించండి. ఇటుకరంగు బురద వచ్చి వచ్చి చివరికి తేట నీరు వస్తే చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టనివ్వకండి, మంచి కాయిల్‌ని కూడా చీల్చేస్తుంది.

మాస్టారూ, మళ్లీ మీ దగ్గరికి. కాయిలే అని తేలి, డ్యాష్‌బోర్డు దించక తప్పదని తేలితే, బేరం కుదుర్చుకునేటప్పుడు ఏమేం మాట్లాడాలో చెప్తాను.

ముందు ఏసీ గ్యాస్. హీటర్ కాయిల్, కూలింగ్ కాయిల్ ఒకే పెట్టెలో ఉన్న బళ్లలో ఆ పెట్టె బయటికి రావాలంటే ఏసీ పైపులు విప్పాలి. విప్పే ముందు గ్యాస్‌ని మెషిన్‌తో లాగాలి, గాలిలోకి వదిలెయ్యకూడదు. తిరిగి బిగించాక కొత్త ఓ-రింగులు, కొత్త డ్రయర్ (ఏసీ గ్యాస్‌లో తేమ పీల్చే భాగం), కనీసం అరగంట వాక్యూమ్ (పైపుల్లోని గాలి లాగేయడం), ఆ తర్వాత బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములు తూకం ప్రకారం గ్యాస్. ఇదంతా ఒప్పుకున్న రేటులో ఉందా లేదా ముందే తేల్చుకోండి. 'కాయిల్ మార్చడానికి ఇంత' అని చెప్పి, చివర్లో గ్యాస్‌కి ఇంత, డ్రయర్‌కి ఇంత అని బిల్లు పెరగడం మామూలే. మోసం అనను గానీ, ముందే అడగని కస్టమర్‌కి అది మోసంలాగే అనిపిస్తుంది. మెషిన్ లేని చోట ఈ పని చేయించకండి.

రెండోది ఎయిర్‌బ్యాగ్. మన దేశంలో 2019 జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, అంతకు ముందు కూడా చాలా మోడళ్లలో ఉంది. డ్యాష్‌బోర్డు జోలికి వెళ్లే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగాలి. ఆ లోపల కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. పసుపు రంగు కనెక్టర్లు దానివే. తీసిన ఎయిర్‌బ్యాగ్‌ని మెత్తటి వైపు పైకి ఉండేలా పెట్టాలి, బోర్లా పెట్టకూడదు. అది పట్టుకుని కుర్రాళ్లు ఆడకుండా చూడమనండి. స్టీరింగ్ విప్పే ముందు చక్రాలు నిటారుగా పెట్టి, స్టీరింగ్ వెనక ఉండే చుట్ట తీగ తిరిగిపోకుండా టేపు వెయ్యాలి. అది రెండు చుట్లు అటూ ఇటూ అయితే, బిగించాక మలుపులో తెగుతుంది, హారన్, ఎయిర్‌బ్యాగ్ రెండూ పోతాయి. స్టీరింగ్ రాడ్ జాయింట్ దగ్గర విప్పే ముందు రెండు ముక్కల మీదా ఒకే గీత గీయిస్తే తిరిగి అదే చోట కూర్చుంటుంది.

విప్పే ప్రతి దశకీ ఫోటో తీయమనండి, స్క్రూలు ఎక్కడివక్కడ వేరే కవర్లలో వేసి పెన్నుతో రాయమనండి. నవ్వుకుంటారేమో గానీ, పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట బిగిస్తే దాని మొన వెనక వైరింగ్‌లోకి దిగుతుంది. డ్యాష్‌బోర్డు దించిన కారు తర్వాత ఏళ్ల తరబడి కిటకిటలాడుతుందని అందరూ భయపడతారు. ఆ శబ్దానికి కారణం చాలాసార్లు విరిగిన ప్లాస్టిక్ క్లిప్పులూ, మిగిలిపోయిన స్క్రూలే. కొత్త క్లిప్పులు ముందే తెప్పించుకోవాలి, అవి రూపాయల్లో పని.

పార్టు విషయానికొస్తే, షాపులో 'హీటర్ కాయిల్' అని అడగండి, ఛాసిస్ నంబర్ ఇవ్వండి. కంపెనీ పార్టు దొరికితే అదే కొనండి. మీకు జయపురంలో దొరక్కపోతే విజయనగరం, విశాఖ నుంచి బస్సు పార్శిల్‌లో వస్తుంది. రాకముందే బండి విప్పనివ్వకండి. డ్యాష్‌బోర్డు సీట్ల మీద పడుకుని పార్టు కోసం వారాల తరబడి ఎదురుచూసే కార్లు ప్రతి గ్యారేజీలోనూ ఒకటి కనిపిస్తుంది. కొత్త కాయిల్ చేతికి రాగానే, బిగించక ముందే, ఒక పైపు మూసి రెండో దాంట్లో ఒక బార్ లోపు గాలి పెట్టి బకెట్ నీళ్లలో ముంచి చూడాలి. బుడగ వస్తే అప్పుడే వెనక్కి. ఐదు నిమిషాల పని, కానీ అడిగితే తప్ప ఎవరూ చెయ్యరు.

పాత రబ్బరు పైపులు కాయిల్ గొట్టానికి అతుక్కుపోయి ఉంటాయి. మెలితిప్పి లాగితే ఫైర్‌వాల్ దగ్గర ప్లాస్టిక్ కప్లింగ్ విరిగే ప్రమాదం ఉంది. బ్లేడుతో నిలువుగా కోసి తీసేసి, రెండూ కొత్తవి వెయ్యాలి. పాత కాయిల్ చుట్టూ ఉన్న స్పాంజి పట్టీలు కొత్తదానికి కూడా ఉండాలి. కొత్త కాయిల్‌తో రాకపోతే విడిగా కొని అంటించాలి. వాటిని వదిలేస్తే గాలి కాయిల్ పక్క నుంచి జారిపోయి, ఇంత ఖర్చు పెట్టాక కూడా హీటర్ గోరువెచ్చగానే ఉంటుంది. పెట్టె తెరిచి ఉండగానే కూలింగ్ కాయిల్ చూడండి. మట్టి పట్టి ఉంటే కడిగించండి, ఆయిల్ మరకలు కనిపిస్తే అక్కడ గ్యాస్ లీకు మొదలైందని అర్థం, దాన్నీ ఇప్పుడే మార్చండి. రెక్కల మోటార్లు, బ్లోవర్, క్యాబిన్ ఫిల్టర్, డ్రెయిన్ పైపు అన్నీ ఈ ఒక్క కూలీలోనే వచ్చేస్తాయి.

కార్పెట్‌ని మాత్రం ఎండలో పడేసి వదిలెయ్యొద్దు. గ్లైకాల్ నీళ్లలా ఆరిపోదు. కార్పెట్ కింది దళసరి ఫెల్ట్ దాన్ని పీల్చుకుని నెలల తరబడి వాసన కొడుతుంది, అద్దానికి మళ్లీ అదే జిడ్డు పడుతుంది. అప్పుడు 'కొత్త కాయిల్ కూడా లీకు' అని మెకానిక్‌తో గొడవ. కార్పెట్ బయటికి తీసి మంచి నీళ్లతో బాగా కడిగి, పిండి, రెండు ఎండలు ఆరబెట్టాలి. కింద ఇనుప నేలకి చిలుం పట్టిందా, అక్కడి వైరింగ్ జాయింట్లు పచ్చగా తిరిగాయా చూడండి.

తర్వాత నింపడం. మీ దగ్గర బోరు నీళ్లు పోస్తే మళ్లీ మొదటికే. అందులోని లవణాలు కాయిల్ గొట్టాల్లో గార కడతాయి, అల్యూమినియాన్ని తింటాయి. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, కంపెనీ చెప్పిన రకం కూలెంట్, సగం సగం. చలికి గడ్డకట్టకుండా అని కాదు, మనకి అంత చలి ఎక్కడుంది. తుప్పు ఆపే మందు ఉండేది కూలెంట్‌లోనే, అందుకు. పైగా మీ ఎత్తులో మామూలు నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఘాటు ఎక్కే ఇంజిన్‌కి ఆ తేడా కూడా లెక్కే.

కారు ముక్కు పైకి ఉండేలా వాలు మీద నిలబెట్టి, హీటర్ నాబ్ పూర్తి వేడి మీద పెట్టి, గాలి తీసే స్క్రూ ఉంటే తెరిచి, మెల్లగా పొయ్యాలి. ఇంజిన్ నడిపి, రేడియేటర్ పైన ఉండే పైపుని పిసుకుతూ, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగే దాకా ఉండాలి. డ్యాష్‌బోర్డు వెనక గలగల శబ్దం వినిపిస్తుంటే ఇంకా గాలి ఉన్నట్టే. మర్నాడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి కలపాలి. బిగించాక బండి తీసుకునే ముందు ప్రెజర్ టెస్టర్ మళ్లీ పెట్టించండి, వీలైతే డ్యాష్‌బోర్డు తిరిగి ఎక్కించక ముందే.

ఇంకొకటి, ఎవరూ చూడనిది. కూలెంట్ మార్చిన బండికి కూడా కాయిల్ త్వరగా పోయిందంటే ఇంజిన్ ఎర్త్ వైరుని (ఇంజిన్‌ని బ్యాటరీ నెగటివ్‌కి కలిపే తీగని) అనుమానించాలి. మల్టీమీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర తీగ మొన చల్లటి ట్యాంకులో కూలెంట్‌కి తగిలించి, ఇంజిన్ నడుస్తూ లైట్లు, బ్లోవర్ వేసి చూడండి. 0.3 వోల్టు దాటి చూపిస్తే కరెంటు కూలెంట్ దారిన తిరుగుతోంది, అది అల్యూమినియానికి రంధ్రాలు పెడుతుంది. ఎర్త్ వైరు చివరలు శుభ్రం చేసి బిగిస్తే సరిపోతుంది. కొత్త కాయిల్ పెట్టే రోజే ఇది చేయించండి.

మొత్తం పనికి అలవాటున్న చేతులకి రెండు రోజులు. సాయంత్రానికి ఇచ్చేస్తానన్నవాడి దగ్గర పెట్టకండి. ఇప్పటికి పైపులు కలిపించి వారం మట్టం చూడండి, కారు మోడల్, ఏడాది, వారం తర్వాత టేపు దగ్గర మట్టం ఎలా ఉందో ఇక్కడే రాయండి. మీ మోడల్‌కి కాయిల్ పక్కనుంచి వస్తుందా, డ్యాష్‌బోర్డు దించాలా అన్నది అప్పుడు చూసి చెప్తాను. ఈలోగా ఎప్పుడైనా నడుస్తుండగా వెంట్లలోంచి తెల్లటి ఆవిరి ఒక్కసారిగా వచ్చిందంటే బ్లోవర్ కట్టేసి, అద్దాలు దించి, పక్కకి ఆపి ఇంజిన్ ఆపేయండి.